మన చూరుక్రింది చిన్న పిట్టలు
వానకోయిల మొదలగువానిని గుర్తించు విధము

సార్వా వరి పొట్టకు వచ్చు దినములలో ఏ యుదయముననైనను పోలవరమునుండి ఏటిగట్టు వెంబడి నడచినచో, విద్యుత్తు తీగెలమీద పూసలు గ్రుచ్చినట్లు బారులుతీరి కూర్చున్న చిన్న నల్లని పిట్టలు కానవచ్చును. మన సభ్యులందరును వానిని చూచియే యుందురు. అవి యేమి పిట్టలని యడిగినచో పలువురు "పిచ్చుకలు కాబోలు" నని యూరకుందురు. పండ్లను చూచి ఎద్దు వయసు చెప్పగలవారు, గింజను నోట కొరికి వరి రకము చెప్పగలవారు, తమ చూరుక్రింద కాపురముండు ప్రాణి పేరు చెప్పలేకుండుట విచారింపదగిన విషయము. ఆ లోపము నాయందును చాలకాల ముండినది. దానివలన నేను చేసిన యొక తప్పును మొదట చెప్పుకొని పిమ్మట అసలు విషయమునకు వచ్చెదను.

సుమారు పదునెనిమిది యేండ్ల క్రిందట, ఉద్యోగమున క్రొత్తగా ప్రవేశించిన దినములలో, ఒక గ్రామ సంఘపు గిడ్డంగియొద్ద ప్రదర్శన క్షేత్రమునకు కావలసిన విత్తనములు దింపించితిని. సర్వసభ్య సమావేశము దగ్గరపడుటచే వసారాకు సున్నము వేయుచుండిరి. వసారా కప్పునకు మట్టితో కట్టిన గూడొకటి అంటుకొని యుండెను. క్రిందనున్న ఎరువు బస్తాలమీద రెట్ట పడుచున్నదని నేనే గడకఱ్ఱ తెప్పించి దానిని పడగొట్టించితిని. నేలబడి పగిలిన మట్టి పెంకులలో మూడు పిల్లలుండెను. వాని కన్నులింకను తెరవలేదు. తల్లిపిట్టలు రెండును నోటినిండ పురుగులతో వచ్చి, గూడున్న చోట గాలిలో అల్లాడుచు, గోడను తాకుచు, చీకటి పడువరకు తిరుగాడెను.

అక్కడ కూర్చున్న వృద్ధరైతొకరు నన్ను కోపపడలేదు. "ఏమండీ, కూలి అడగని పాలేరును మీరే తరిమేశారే! రేపు పురుగుమందు కొనమని మాకు మీరే చెబుతారు కదండీ" అని మాత్రమనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ పిట్ట పేరైనను నాకు తెలియదు. మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులొకరు ఆదివారము సాయంకాలములందు మమ్ము చెఱువుగట్టునకు గొనిపోయి పిట్టలను చూపుచుండెడివారు. నాడు విననొల్లని పాఠమును నేను నాటినుండి మరల మొదలుపెట్టితిని. ఈ క్రింద వ్రాయు సంగతులు అట్లు నేర్చుకొన్నవే.

కనిపెట్టవలసిన ఐదు సంగతులు

చిన్న పిట్టను గుర్తింపదలచువారు రంగునొక్కదానినే చూచినచో మోసపోవుదురు. ఎండలో నల్లగా కనబడునది నీడలో నీలముగ కనబడును. కావున ఈ యైదును వరుసగ చూడవలెను.

మొదటిది పరిమాణము. మన ఇంటి పిచ్చుక ముక్కునుండి తోకవరకు సుమారు 6 అంగుళము లుండును. దానినే కొలబద్దగ నుంచుకొని, చూచిన పిట్ట అంతకు పెద్దదా, చిన్నదా యని తలచుకొనవలెను.

రెండవది తోక. అది సమముగ కత్తిరించినట్లున్నదా, చేపతోకవలె చీలినదా, లేక చివర సన్నని తీగెలున్నవా?

మూడవది నడుము. పిట్ట మలుపు తిరిగినప్పుడు తోకకు పైని, రెక్కలకు దిగువనున్న భాగమేరంగో చూడవలెను. గాలిలో తిరుగు పిట్టలయం దీ గుర్తు మిక్కిలి ఉపయోగకరము.

నాలుగవది నడత. తీగెమీదనో కొమ్మమీదనో వ్రాలుచున్నదా, నేలమీద గెంతుచున్నదా, నడచుచున్నదా, లేక ఎచ్చటను వ్రాలక గాలిలోనే తిరుగుచున్నదా?

ఐదవది కాలము, చోటు. ఏ మాసమున చూచితిమి? ఇంటనా, కాలువపైనా, తాటిచెట్టుకడనా? గూడు మట్టిదా, గడ్డిదా, ఈకలదా?

ఈ యైదింటికి సమాధానము వ్రాసికొన్నవారికి పిట్ట పేరు తెలియుట కష్టము కాదు.

వానకోయిలలు

మన నిఘంటువులయందు వానకోయిల యని చెప్పబడిన పిట్ట కోయిల జాతిది కాదు. కూయదు. సన్నగ కిచకిచలాడును. దీని ముక్కు చిన్నది, నోరు మాత్రము వెడల్పు. రెక్కలు పొడుగు, కాళ్లు మిక్కిలి పొట్టి. ఎగురుచు నోరు తెరచి గాలిలోని ఈగలను, దోమలను, ఉసిళ్లను పట్టి మ్రింగును. గింజ ముట్టదు. ఈ జాతిలో మన ప్రాంతమువారు చూడదగినవి నాలుగు.

తీగెలపై బారులుతీరునది వలస వానకోయిల. వీపు మెఱయు ముదురు నీలము. నుదురును గొంతును ఇటుకరంగు. గొంతు క్రింద నల్లని పట్టె, కడుపు తెలుపు. తోక లోతుగ చీలి యిరువైపుల పొడుగు చువ్వలుండును. శీతకాలమున ఈకలు మార్చుకొనుచుండుటచే ఆ చువ్వలు పలుమారు పొట్టిగా కనబడును. అందుచే చూచువారు తికమకపడరాదు. ఇది ఆగస్టు, సెప్టెంబరు మాసములలో మనకు దిగివచ్చి, దాళ్వా కోతలు సాగు ఏప్రిల్ మాసమునకు మరలిపోవును. మన దేశమునకు వచ్చునవి హిమాలయములనుండియు, వాని కావలనున్న మధ్యాసియా, సైబీరియాల నుండియు వచ్చును. మనకడ గూడు కట్టదు. సార్వాలో చుట్టమై వచ్చి దాళ్వా వరకుండు అతిథి యన్నమాట.

నేను పడగొట్టించిన గూడు రెండవదానిది, అనగా ఎఱ్ఱనడుము వానకోయిలది. ఇదియు నీలపు వీపుగలదే గాని, తోకకు పైనున్న నడుము ఇటుకరంగు. గొంతు క్రింద నల్లపట్టె లేదు. కడుపుమీద సన్నని గీతలుండును. ఇందులో సంవత్సరమంతయు మన దేశముననే యుండునవి వేసవి మొదలు వానకాలము వరకు పిల్లలను పెట్టును. చెఱువంచున తడిమట్టిని నోటితో ఉండలుగ తెచ్చి, వసారా కప్పునకో, తూము లోపలి కప్పునకో అంటించి, బుడ్డివంటి గూటిని, దానికి గొట్టమువంటి ద్వారమును కట్టును. ఒక్కొక్క ఉండ మన బఠాణిగింజంత. అట్టివి వందలకొలది కావలెను. ఒకమారు తెచ్చిన మట్టి ఆరినపిమ్మటగాని పైవరుస వేయదు. మన తాపీపనివారు గోడకట్టు పద్ధతియు నిదియే గదా! ఇంత శ్రమచే కట్టిన గూటిని గడకఱ్ఱతో పడగొట్టుటకు ఒక్క నిమిషము చాలును.

మూడవది తీగెతోక వానకోయిల. నెత్తి ఇటుకరంగు, కడుపు గొంతు మచ్చలేని తెలుపు. తోక చివర రెండు దారములవంటి యీకలు వ్రేలాడును. నీటిని విడిచి దూరము పోదు. కాలువలపై వంతెనల క్రింద, నీటికి కొలది యెత్తున, మూకుడువంటి మట్టిగూడు కట్టును. పంటకాలువలు, లాకులు గల మన సీమ దానికి తగిన చోటు. 2015వ సంవత్సరమున పట్టిసీమ యెత్తిపోతల నీరు పోలవరము కుడి ప్రధాన కాలువలో పారుట మొదలైనది. కాలువగట్ల వెంబడి తిరుగువారు వంతెనక్రింద తొంగిచూచి, నీటిపై ఈ పిట్ట జంటగా తిరుగుచున్నదేమో కనిపెట్టవచ్చును.

నాలుగవది బూడిదవన్నె కొండ వానకోయిల. ఒళ్లంతయు మసిబారిన గోధుమరంగు. తోక చీలదు. విప్పినపుడు దానిపై చిన్న తెల్లని చుక్కలు కనబడును. కొండచరియలయందును, పాత మేడల గోడలయందును సగము గిన్నెవంటి మట్టిగూడు కట్టును. చూచుట కందము లేనిదైనను, ఎండలో గోడ పొడుగున జారునట్లు ఎగురు దాని నేర్పు చూడదగినది.

వలసపోవుట యెట్లు తెలిసినది?

పూర్వము ఐరోపా ఖండమునందు వానకోయిలలు చలికాలమున చెఱువుల బురదలో దూరి నిద్రించునని పండితులు సయితము నమ్మిరి. ఈ భ్రమను పోగొట్టిన సాధనములలో పిట్ట కాలికి తొడుగు చిన్న కడియ మొకటి. ఇంగ్లండునందు జాన్ మేస్‌ఫీల్డు అను న్యాయవాది 1911వ సంవత్సరము మే నెలలో తన యింటి ముంగిట గూడు కట్టిన వానకోయిల కాలికి, అంకెయు విలాసమును గల కడియము తొడిగెను. 1912 డిసెంబరు 23వ తేదీన ఆ పిట్ట దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమలో ఒక రైతు యింట దొరికెను. కడియముపై విలాసమును బట్టి ఉత్తరము వ్రాయుటచే సంగతి తెలిసినది. సుమారు రెండు తులముల బరువైనను లేని ఈ పిట్ట సముద్రములు, ఎడారులు దాటి అంత దూరము పోయినదన్నమాట. అది తెలిసినది ఒక రైతు ఊరకుండక ఆ కడియమును చూపుటవలననే యని మనము గుర్తుంచుకొనవలెను.

ఎచ్చటను వ్రాలని పిట్టలు

సాయంకాలమున పాత దేవాలయ గోపురముల చుట్టును గుంపులుగ కీచుమని యరచుచు తిరుగు నల్లపిట్టలను వానకోయిలలని భ్రమపడుదురు. ఇవి వేఱు జాతివి. గుర్తించుట సులభము. రెక్కలు కొడవలివలె వంగియుండును. ఒళ్లు నలుపు, నడుమున తెల్లనిపట్టె, గొంతు తెలుపు. ఇవి తీగెమీదగాని కొమ్మమీదగాని యెన్నడును కూర్చుండవు. కాలివ్రేళ్లు గోడను పట్టి వ్రేలాడుటకే గాని కూర్చుండుటకు పనికిరావు. తీగెమీద కూర్చున్నచో వానకోయిల, ఎంతసేపు చూచినను కూర్చుండక కొడవలివలె తిరిగినచో గోపురపు పిట్ట యని తెలిసికొనవలెను. గాలిలో తేలియాడు ఈకలను, గడ్డిపోచలను పట్టి తెచ్చి, నోటి జిగురుతో అతికించి మండపముల కప్పున గూళ్లు కట్టును. వీనికి బంధువగు ఐరోపా పక్షియొకటి గూడు కట్టు కాలము తప్ప పది మాసములు గాలిలోనే యుండగలదని స్వీడను దేశపు పరిశోధకులు 2016లో ప్రకటించిరి.

ఇదే కుటుంబములోని తాటి పిట్ట మన గోదావరి సీమకు మిక్కిలి చుట్టము. పిచ్చుకకంటె సన్ననిది, మసిరంగుది, చీలినతోకది. తాటిచెట్టును విడిచి యుండదు. తాటియాకు మడతలోపల ఈకలు, దూది జిగురుతో అంటించి చిన్న గూడు కట్టును. అక్కడక్కడ పొలముగట్లమీది తాళ్లను ఇటుక బట్టీలకొరకు కొట్టివేయుచున్నారు. తాడు పోయిన గట్టున ఈ పిట్టయు నుండదు. ఒక్క తాటిని కొట్టునపుడు ముంజెలు, కల్లు, ఆకు, దూలము లెక్కవేయుదుము. ఆకు మడతలోని కాపురమును కూడ లెక్కలో చేర్చవలెను.

ఇంటి చుట్టుపట్ల కానవచ్చు తక్కిన పిట్టలు

పిచ్చుకను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు గాని, మగ ఆడ భేదము పలువు రెరుగరు. మగదాని గొంతుక్రింద నల్లని మచ్చయు, నెత్తిన బూడిదరంగును గలవు. ఆడది మట్టిరంగుది. కంటివెనుక లేతగీత యుండును.

పెరటిలో తోక నిక్కించి గెంతు చిన్న నల్లపిట్ట నల్లంచి. మగదాని తోకక్రింద ఇటుకరంగు మెరయును. నలుపు తెలుపు కలిసి, వేకువజామున చెట్టుకొనను తీయగా పాడునది పెద్ద నల్లంచి. తలపై చిన్న జుట్టును, తోకక్రింద ఎఱ్ఱని మచ్చయు గలది పిగిలిపిట్ట. శీతకాలమున కళ్లములలోను చెఱువంచులను తోక క్రిందికి మీదికి ఆడించుచు నడచునది కాటుకపిట్ట. ఇదియు వానకోయిలవలె వలస వచ్చునదే. అయితే కాలువరాళ్లపై వేసవియందును కనబడు పెద్ద నలుపుతెలుపు కాటుకపిట్ట మాత్రము మన దేశముననే యుండును. రెండాకులను చేర్చి దూదిదారముతో కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టునది కుట్టుపిట్ట. ఒళ్లు పసిరిక రంగై, తోకనుండి సన్నని ఊచ బయటికి వచ్చినట్లుండి, తీగెనుండి యెగిరి తుమ్మెదను పట్టి మరల అక్కడనే వ్రాలునది పసిరికపిట్ట. లంకల ఇసుకగట్లలో బొరియ తీసి యది పిల్లలను పెట్టును. పశువుల వీపుమీద నెక్కి చీలినతోకతో నుండు నల్లపిట్ట పసులపోలిగాడు. దానిని తెలియని రైతు లేడు. తుమ్మకొమ్మలకును తాటియాకులకును గూళ్లు వ్రేలాడదీయు గిజిగానిని పిల్లలైనను ఎరుగుదురు.

మన తాతలు పెట్టిన యీ పేర్లు తేలిక మాటలు కావు. జెర్డను అను వైద్యుడు పందొమ్మిదవ శతాబ్దమున మన నెల్లూరు మొదలగు సీమలందు పక్షులను పరిశీలించి, తన గ్రంథములలో తెలుగు పేర్లను కూడ చేర్చెను. అవి యాతనికి చెప్పినవారు బోయలు, రైతులు. 1900 తరువాత కనబడక నశించినదని తలచిన కలివికోడి 1986 జనవరిలో కడపజిల్లాలో మరల దొరకినదన్నను, అది స్థానికుల సాయముచేతనే. మహా పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం ఆలీ సయితము, తాను బాల్యమున కొట్టిన పిచ్చుక గొంతుమీద పసుపుమచ్చ ఏల యున్నదను ప్రశ్నతో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు పోవుటచే ఆ శాస్త్రమున ప్రవేశించెను. పేరు తెలియని పిట్టను గూర్చి యడుగుట చిన్నతనము కాదు.

పైరునకు లాభమా, నష్టమా?

ఇచ్చట నిజము దాచరాదు. పిచ్చుక, గిజిగాడు, జీనువాయి గింజ తినును. పాలుపోసుకొను వెన్నుమీద గుంపుగ పడినచో నష్టము కలుగును. చేనికి కాపు పెట్టుట, డప్పు కొట్టుట, మెరయు రిబ్బను కట్టుట న్యాయమే. కాని పిచ్చుక తన పిల్లలకు పెట్టునది చాలవరకు పురుగులే. గింజ తినెడు పిట్టయు పిల్లలను సాకు దినములలో మన పక్షమే.

ఈ లెక్క తెలియక చైనా దేశము 1958లో పిచ్చుకలను శత్రువులుగ ప్రకటించి, ప్రజలచే డప్పులు కొట్టించి, గూళ్లు పడగొట్టించి కోట్లకొలది చంపించెను. పిమ్మట పురుగులు ప్రబలుటయు, వాని కడుపులలో పురుగులే యెక్కువగ నున్నవని శాస్త్రజ్ఞులు చూపుటయు జరిగి, 1960లో పిచ్చుక పేరును శత్రువుల పట్టికనుండి తీసివేసిరి. నాటి ఘోరమైన కరవునకు కారణములు పెక్కు గలవు. ఇదియు నొకటియని చెప్పుదురు.

వానకోయిల విషయమున నీ సందేహము కూడ లేదు. అది గింజ ముట్టదు. అదియొక్కటియే సుడిదోమను నిర్మూలించునని నేను చెప్పను. అట్లు చెప్పుట అతిశయోక్తి యగును. పిట్టలు, సాలెపురుగులు, కప్పలు, మిత్రపురుగులు అన్నియు కలిసి పొలమున కాపలా కాయును. విచక్షణ లేక మందు చల్లినచో మొదట చచ్చునవి యీ కాపలాదార్లే. సుడిదోమ మాత్రము మరల బలిసి లేచును. ఇండోనేషియా ప్రభుత్వ మీ సత్యమును గ్రహించియే 1986లో వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. మన వ్యవసాయశాఖవారు శనగ, కంది, వేరుసెనగ చేలలో పక్షిస్థావరములు నిలుపుమని చెప్పుటయు నిందుకే. ఇంగ్లీషు టీ అక్షరము ఆకారముగ కఱ్ఱలు ఎకరమునకు పదిపదునైదు నాటినచో పసులపోలిగాడును గోరింకయు వాని మీద వ్రాలి లద్దెపురుగులను ఏరుకొనును. గింజ పాలుపోసుకొను వేళకు ఆ కఱ్ఱలను తీసివేయవలెను.

లెక్కపెట్టకపోవుటచే కలిగిన కీడునకు రాబందులే సాక్ష్యము. ఒకప్పుడు చచ్చిన పశువును గంటలలో శుభ్రముచేసిన రాబందులు 1990 తరువాత పది పదునైదేండ్లలో దాదాపు మాయమైనవి. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందే కారణమని 2004లో తేలి, 2006లో ప్రభుత్వము ఆ మందును పశువులకు నిషేధించెను. అప్పటికే పక్షులు పోయినవి. ముందుగ లెక్కించువా రుండినచో ముందుగనే మేలుకొని యుందుము.

గూటికి చోటు కరవగుట

2020లో ప్రకటితమైన భారతదేశ పక్షుల స్థితి నివేదికను పదునైదు వేలమందికి పైగా సామాన్య జనులు వ్రాసి పంపిన లెక్కలతో తయారుచేసిరి. అందు పిచ్చుక దేశమంతటను మొత్తముమీద నిలకడగ నున్నదనియు, హైదరాబాదు మొదలగు మహానగరములలో మాత్రము తగ్గుచున్నదనియు తేలినది. పల్లెలు నిలుపుకొన్న ఆస్తిని నగరములు పోగొట్టుకొన్నవని దీని భావము. 2023 నివేదికలో పండ్లు తిను పక్షులకంటె పురుగులను తిను పక్షులు త్వరగ తగ్గుచున్నవని కనబడుచున్నది. ఇది రైతులమైన మనము చెవినొగ్గి వినదగిన మాట.

మన పోలవరము ప్రాంతమున ఈ మార్పు మన కన్నులయెదుటనే జరుగుచున్నది. ప్రాజెక్టు ముంపు గ్రామములవారు పూరిండ్లను, పెంకుటిండ్లను విడిచి పునరావాస కాలనీలకు తరలినారు. మనుష్యులకు కలిగిన కష్టము ముందు పిట్టల మాట చిన్నది. ఆ కష్టమును నేను తేలిక చేయుటలేదు. కాని ఒక సంగతి చూడుడు. పెంకుటింటి వాసముల సందున, తాటాకు చూరున, నిట్టాడి పైని పిచ్చుకకు తావుండెడిది. కాంక్రీటు కప్పునకు, నునుపైన గోడకు సందు లేదు. వాకిట మట్టి లేదు. చూరు లేదు. కొత్త యింటికి మనతో రాదలచిన చుట్టమునకు తలుపు లేకుండ కట్టుకొన్నాము. ఆ తలుపును మనమే మరల పెట్టవచ్చును. ఖర్చును స్వల్పము.

సభ్యులు చేయదగిన పనులు

1. మట్టిగూడు కట్టుచున్నప్పుడును, పిల్లలున్నప్పుడును ముట్టరాదు. రెట్ట పడునను బాధ యున్నచో గూటికి రెండు మూడడుగుల దిగువను ఒక పలకను బిగించినచో బస్తాలు పాడుకావు. సున్నము వేయు పనిని పిల్లలెగిరిపోవువరకు ఆపవలెను. అది కొలది వారముల మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 ప్రకారము అడవిపక్షుల గూళ్లను, గ్రుడ్లను పాడుచేయుట నేరమనియు తెలిసికొనవలెను.

2. కొత్త యిండ్ల వసారాలో పిచ్చుకకు ఒక చిన్న చెక్కపెట్టెగాని, ప్రక్కకు వ్రేలాడదీసిన ముంతగాని ఎనిమిది, పది అడుగుల యెత్తున, పిల్లికి అందకుండ, ఎండ తగలని దిక్కున కట్టవలెను. ద్వారము ఒక అంగుళమునకు కొంచె మెక్కువ వెడల్పు చాలును. అంతకు పెద్దదైనచో గోరింక ఆక్రమించును. ఫ్యాను దగ్గర కట్టరాదు.

3. మన తాతలనాటి ఆచారమగు వరికంకుల కుచ్చులను కోతలకు పిమ్మట వాకిట వ్రేలాడదీయుట మానరాదు. చూరుక్రింద కుచ్చు కట్టుట అందమునకు మాత్రమే కాదు, అది పాలేరునకు కొలిచిన గింజ.

4. వేసవిలో పెరటి మూల కొంచెము తడిమట్టిని, ఒక మూకుట నీటిని ఉంచవలెను. వానకోయిలకు ఆ మట్టియే ఇటుక.

5. విషము కలిపిన గింజలను చేలగట్లపై వేయరాదు. ఎలుకలకై వేసిన మందుగింజ బొరియలోపల వేసి మూయవలెను. ఎలుకలను పట్టుటలో మనకు మిన్నయైనది చావుపిట్ట యని మనము అపశకునముగ తరుముకొను గుడ్లగూబ. అది కూసినంతమాత్రమున చచ్చినవారు లేరు. అది లేనందున ఎలుకలపాలైన పంట మాత్రము గలదు.

6. ప్రతి సంఘమునందు ఒక పుస్తకము పెట్టవలెను. తేదీ, చోటు, పిట్ట, ఎన్ని, ఏమి చేయుచున్నది అను ఐదు గడులు చాలును. ముఖ్యముగ మూడు తేదీలు వ్రాయవలెను. వలస వానకోయిల తీగెపై మొదట కనబడిన దినము, కడపట కనబడిన దినము, ఎఱ్ఱనడుము వానకోయిల మట్టి మోయ నారంభించిన దినము. బడిపిల్లలకు ఈ పని అప్పగించినచో పెద్దలకంటె బాగుగ చేయుదురు. ఫిబ్రవరి మాసమున ప్రపంచమంతట జరుగు పెరటి పక్షుల లెక్కయందును, మార్చి 20 పిచ్చుకల దినమునాడును మన లెక్కను సెల్‌ఫోనుద్వారా పంపవచ్చును. సంవత్సర మొక్కటితో ఏమియు తెలియదు. పదియేండ్ల పుస్తకము మాత్రము సంఘపు జమాఖర్చులవలె విలువైనదగును.

ముగింపు

ఈ సంవత్సరము వేసవిలో, నేను పనిమీద పోవు ఒక గ్రామపు సంఘభవనమున, కొత్తగా వేసిన కప్పు మూలను ఎఱ్ఱనడుము వానకోయిల జంట మట్టి అంటింప మొదలిడెను. లెక్కలు వ్రాయువారు కాగితములపై మట్టి రాలుచున్నదని చెప్పిరి. విషయము పాలకవర్గ సమావేశమునకు వచ్చినది. పడగొట్టుదమని కొందరు, ఉంచుదమని కొందరు. నన్నడిగినపుడు నేను శాస్త్రము చెప్పలేదు. పదునెనిమిది యేండ్ల క్రిందటి గడకఱ్ఱ కథ చెప్పితిని. ఎవ్వరును కొంతసేపు మాటాడలేదు. పిమ్మట అధ్యక్షులు, "బల్లను రెండడుగులు ఇవతలికి జరిపితే సరిపోతుంది కదండీ!" అనిరి. బల్ల జరిపిరి. గూటిక్రింద పాత విత్తనపుపెట్టె మూత నొకదానిని బిగించిరి. తీర్మానముగ వ్రాయలేదు గాని, ఆ సంఘము ఆ యేడు చేసిన మంచిపనులలో నది యొకటియని నా యభిప్రాయము.

జూలైలో నేను మరల పోయినప్పుడు గూటి గొట్టమునుండి రెండు చిన్నముక్కులు బయటికి చూచుచుండెను. బయట వాన పడుచుండినను తల్లి నిమిషమున కొకమారు వచ్చుచు పోవుచుండెను. నాడు నేను తీసికొన్న మూడు ప్రాణములకు ఇది బదులుగాదు. అయినను లెక్క మొదలైనది. సభ్యులును తమ తమ చూరులను ఒకమారు తలయెత్తి చూచి, కనబడినదానిని పుస్తకమున వ్రాయింతురు గాక యని కోరుచున్నాను.